మేస్త్రీ మాటతీరు – కార్మికుని ఆరోగ్యం

రక్తపోటుకు కారణాలు చెప్పమంటే ఉప్పు, పొగాకు, స్థూలకాయం, వంశపారంపర్యం అని మీరందరూ చెబుతారు. ఈ జాబితాలో చేర్చవలసినది మరొకటి ఉంది. మనచేత పని చేయించే వ్యక్తి తీరు.

బ్రిటన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది. బాధ్యతలు ఎక్కువ కనుక పెద్ద అధికారులకే గుండెపోట్లు ఎక్కువని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది. గుండె జబ్బు మరణాలు పై శ్రేణి అధికారులలోకంటే అట్టడుగు శ్రేణి వారిలో సుమారు మూడు రెట్లు ఉన్నాయి. పొగతాగడం, రక్తపోటు వంటివి ఆ తేడాలో కొంతభాగానికే కారణమని తేలింది. 1985లో మొదలైన రెండవ అధ్యయనం మరో కారణాన్ని చూపింది. తన పనిమీద తనకు అదుపు తక్కువగా ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువ.

మన పల్నాడులో ఈ అదుపు అనేది చాలా చిన్న విషయాలలో కనిపిస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీ దగ్గర మనిషికి దాహం వేసినప్పుడు ఆగి నీళ్లు తాగగలగడమే అదుపు. మిర్చి తొడిమలు తీసే స్త్రీకి మూత్రవిసర్జనకు లేచి వెళ్లగలగడమే అదుపు. “మళ్లీ లేచావా?” అని నలుగురిలో గద్దించే మేస్త్రీ ఉన్నచోట ఆమె ఉదయం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, కొందరికి కిడ్నీలో రాళ్లు వస్తాయి. ప్రభుత్వాసుపత్రిలో నేను మందు రాసిస్తే మంట తగ్గేది. అదే పనికి వెళ్లిన కొద్ది వారాలకు వారు మళ్లీ వచ్చేవారు. ఆ జబ్బుకు అసలు మందు మేస్త్రీ చేతిలో ఉంది.

అవమానం జరిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగం, రక్తపోటు హెచ్చుతాయి. ఇది ప్రతిదినం జరిగితే నిద్ర చెడుతుంది, చక్కెర అదుపు తప్పుతుంది. పనిగంటల సంగతీ అంతే. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి.

“మెత్తగా ఉంటే పని సాగదు డాక్టరుగారూ” అని యజమానులు అంటారు. పనిలో కచ్చితంగా ఉండండి, తప్పులేదు. మనిషిని కించపరచడం వేరు. భయపెట్టేచోట జిన్నింగు యంత్రంలో లోపం కనబడినా ఎవరూ నోరు విప్పరు. చెయ్యి నలిగిన తరువాతే తెలుస్తుంది.

బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. కారెంపూడి వీరుల ఉత్సవాలలో ఆ చాపకూడును నేటికీ జరుపుకుంటాం. ఆ గౌరవం పనిచోట కూడా కనబడాలి.

యజమానులకు నా విన్నపాలు:

1. తాగునీరు, మరుగుదొడ్డి, నీడ ఏర్పాటు చేయండి. వాటికి అనుమతి అడిగే అవసరం లేకుండా చూడండి.
2. తప్పు జరిగితే విడిగా పిలిచి చెప్పండి.
3. పనివేళలు, సెలవు ముందుగా తెలియజేయండి.
4. ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించండి.

పనిచేసే మీకు ఒక మాట. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు మీ పని ఏమిటో, ఎన్ని గంటలో, అక్కడ ఎలా ఉంటుందో కూడా చెప్పండి. నిద్ర పట్టకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.