గడియారంతో పందెం

ఆదివారం తెల్లారకముందే రాజీవ్ రహదారి మీద సైకిళ్లు బారులు తీరతాయి. అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట... శామీర్‌పేట దాటి అలియాబాద్ చౌరస్తా చేరేసరికి చాలామందికి చాయ్ గుర్తొస్తుంది. (పాతబస్తీలో శాలిబండ దగ్గరా ఒక అలియాబాద్ ఉంది. సైకిల్ మీద అక్కడికి వెళ్లాలంటే వేరే రకం ధైర్యం కావాలి. ఇది ఊరి బయటి అలియాబాద్.) హెల్మెట్లు బల్ల మీద, చెమట బనియన్ల మీద, మాట మాత్రం ఎక్కడో ఫ్రాన్స్‌లో. జులై వచ్చిందంటే టూర్ డి ఫ్రాన్స్ తప్ప వేరే ముచ్చట ఉండదు. అందులోనూ టైమ్ ట్రయల్ ముందురోజైతే చెప్పక్కర్లేదు.

‘‘రేపు ఎంత పోగొట్టుకుంటడన్నా?’’

‘‘నిమిషం లోపే. రాస్కో తమ్మీ.’’

‘‘నిమిషంన్నర. ఏం పందెం?’’

‘‘ప్లేటు మిర్చి బజ్జీ.’’

పందెం చిన్నదే. కానీ దాని వెనక ఉన్న లెక్క చిన్నది కాదు.

మామూలు రోజుల్లో సైకిల్ రేసంటే గుంపు. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకున్నవాడు ఆ నీడలో హాయిగా తొక్కుతాడు. బలహీనుడు కూడా బలవంతుడి వెనక దాక్కుని రోజు గడిపేయొచ్చు. టైమ్ ట్రయల్‌లో ఆ వీల్లేదు. ఒక్కొక్కరినీ కొన్ని నిమిషాల తేడాతో విడివిడిగా వదులుతారు. పక్కన ఎవరూ ఉండరు. మనిషి, సైకిలు, గడియారం... అంతే. అందుకే ఆ ఆటగాళ్లు దీన్ని ‘నిజం తేల్చే రేసు’ అంటారు. మూడు వారాల టూర్‌లో మొత్తం మీద ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లదే పసుపు జెర్సీ. కాబట్టి టైటిల్ మీద కన్నేసిన నలుగురైదుగురికి ఆ గంటసేపు ప్రాణసంకటం. ఆ రోజు చివరగా బయల్దేరేది పసుపు జెర్సీవాడే. ముందు వెళ్లినవాళ్ల టైమింగులన్నీ తెలుసుకుని మరీ బయల్దేరతాడు. అది వరమో శాపమో చెప్పడం కష్టం.

అసలు ముందే చెప్పడం సాధ్యమేనా? కొంతవరకూ సాధ్యమే. చదును రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్లు దాటితే సైకిలిస్టు శక్తిలో సింహభాగం గాలితో పోట్లాడటానికే పోతుంది. వేగం పదో వంతు పెంచాలంటే శక్తి దాదాపు మూడో వంతు ఎక్కువ పెట్టాలి. అలాంటి రోడ్డు మీద భారీ ఇంజన్ ఉన్నవాడిదే రాజ్యం. స్పెయిన్ వీరుడు మిగెల్ ఇందురైన్ 80 కిలోల మనిషి. 1992 టూర్‌లో లక్సెంబర్గ్ దగ్గర 65 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో రెండో స్థానంలో వచ్చినవాడిని మూడు నిమిషాల వెనక వదిలేశాడు. అదే రోడ్డు కొండెక్కిందనుకోండి, ఆ బరువే కాళ్లకు బేడీ అవుతుంది. బక్కపల్చటి వాడికి రోజు తిరుగుతుంది. అంటే జోస్యం చెప్పేవాడు ముందు చూడాల్సింది మనిషిని కాదు, రోడ్డుని.

తర్వాత గాలిని. ఇది అలియాబాద్ చౌరస్తాలో కూర్చున్నవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. జులైలో పొద్దున వెళ్లేటప్పుడు వీపు తట్టి పంపిన గాలే తిరిగొచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. పది కిలోమీటర్లు గాలివాలుకి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లారు. తిరిగి పది కిలోమీటర్లు ఎదురుగాలికి 30 వేగంతో వచ్చారు. సగటు 35 అంటారేమో. కాదు. వెళ్లడానికి 15 నిమిషాలు, రావడానికి 20 నిమిషాలు. మొత్తం 35 నిమిషాల్లో 20 కిలోమీటర్లు, అంటే సగటు 34.3 మాత్రమే! నెమ్మదిగా నడిచిన భాగంలోనే ఎక్కువసేపు గడుపుతాం మరి. అందుకే తెలివైనవాడు ఎదురుగాలిలో, ఎక్కుడులో ఒళ్లు దాచుకోకుండా తొక్కి, గాలివాలులో కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. ఇంట్లో పిల్లలకి లెక్కలు చెప్పేవాళ్లు ఇది వాడుకోవచ్చు.

ఇన్ని తెలిసినా జోస్యం బోర్లా పడిన రోజులున్నాయి. అన్నిటికీ పెద్దన్న 1989 జులై 23.

ఆ ఏడాది ఆఖరి రోజున వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ పెట్టారు. పసుపు జెర్సీ ఫ్రాన్స్ ముద్దుబిడ్డ లారాన్ ఫిన్యోది. అప్పటికే 1983, 84ల్లో రెండు టూర్లు గెలిచినవాడు. వెనక 50 సెకన్ల దూరంలో అమెరికన్ గ్రెగ్ లెమాండ్. రెండేళ్ల కిందట వేటలో పొరపాటున తుపాకీ పేలి, చావు అంచుల దాకా వెళ్లొచ్చినవాడు. ఒంట్లో ఇంకా సీసపు గుళ్లు ఉన్నాయి.

లెక్క ఏం చెప్పింది? అదే టూర్‌లో ఐదో రోజున 73 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో లెమాండ్ ఫిన్యోని 56 సెకన్లు వెనక్కి నెట్టాడు. అంటే కిలోమీటరుకి ముప్పావు సెకను. ఆ లెక్కన 24.5 కిలోమీటర్లకి దక్కేది 19 సెకన్లు. తర్వాత ఓర్సియేర్‌మెర్లెట్ కొండ మీద 39 కిలోమీటర్లకి 47 సెకన్లు. ఆ లెక్కన చూసినా 30 సెకన్లే. కావాల్సిందేమో కిలోమీటరుకి రెండు సెకన్ల పైన! ఫిన్యో గెలుస్తాడని చెప్పినవాళ్లు అమాయకులేం కాదు. కాగితం మీద వాళ్లదే ఒప్పు.

కాగితం మీద లేనివి కొన్ని ఉన్నాయి. జీను ఒరుసుకుని ఫిన్యోకి పుండు పడింది, కూర్చోవడమే నరకం. లెమాండ్ హ్యాండిల్‌కి ముందుకు పొడుచుకొచ్చే కొత్తరకం కడ్డీలు బిగించుకున్నాడు. మోచేతులు వాటి మీద ఆనిస్తే ఒళ్లు బాణంలా సన్నబడుతుంది. తలకి గాలిని కోసే హెల్మెట్. ఫిన్యో తల మీద హెల్మెట్ లేదు, జుట్టు పిలక గాలికి ఊగుతోంది. లెమాండ్ ఇంకో పని చేశాడు. దారిలో తనకి టైమింగులు చెప్పొద్దన్నాడు. లెక్క వద్దు, తొక్కడమే!

26 నిమిషాల 57 సెకన్లు. గంటకు 54 కిలోమీటర్ల పైచిలుకు సగటు వేగం. ఫిన్యోకి 58 సెకన్లు ఎక్కువ పట్టింది. మూడు వారాలు, 3,285 కిలోమీటర్లు తొక్కాక తేడా ఎనిమిది సెకన్లు. టూర్ చరిత్రలో ఇంత తక్కువ తేడా మరొకటి లేదు. చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఫిన్యో ఆ రోజు చెత్తగా తొక్కలేదు. మొత్తం బరిలో మూడో స్థానంలో వచ్చాడు! అంత బాగా తొక్కి కూడా ఓడిపోవడం కంటే కడుపుకోత ఏముంటుంది? ఆ ఎనిమిది సెకన్లు ఆయన్ను వదల్లేదు. ఎనిమిది సెకన్లతో ఓడిపోయింది మీరే కదా అని అడిగినవాళ్లకి, కాదు, రెండుసార్లు గెలిచింది నేను అని బదులిచ్చానని ఆత్మకథలో రాసుకున్నాడు. 2010లో, యాభై ఏళ్లకే కేన్సర్‌తో కన్నుమూశాడు. మరుసటి రోజు రాసిన వార్తల్లోనూ ఆ ఎనిమిది సెకన్లు వదిలిపెట్టలేదు.

కొన్ని జోస్యాలకు అంకెలే దొంగవి. 2003లో ఆఖరి టైమ్ ట్రయల్ ముందు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి జర్మన్ యాన్ ఉల్‌రిక్‌కి మధ్య 65 సెకన్లే తేడా. ప్రపంచమంతా పెన్సిళ్లు పట్టుకుని కూర్చుంది. వానలో ఒక మలుపు దగ్గర ఉల్‌రిక్ జారిపడ్డాడు, కథ ముగిసింది. అసలు కథ తర్వాత తెలిసింది. మందుల మోసానికి ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లూ 2012లో లాగేసుకున్నారు. తానూ తప్పు చేశానని ఉల్‌రిక్ 2023లో ఒప్పుకున్నాడు. అన్నేళ్లు రాత్రిళ్లు మేలుకుని లెక్కలు కట్టిన అభిమానుల సంగతేంటి? వాళ్లకి ఎవరు సంజాయిషీ ఇస్తారు?

ఇక ఇప్పటి తరానికి 1989 లాంటిది 2020 సెప్టెంబరు 19. కొవిడ్ వల్ల టూర్ ఆలస్యమైన ఏడాది. ఇద్దరూ స్లొవేనియా వాళ్లే. ప్రిమోజ్ రోగ్లిచ్ 57 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. తాదేయ్ పొగాచర్‌కి ఇంకా 22 ఏళ్లు నిండలేదు. 36.2 కిలోమీటర్లు, ఆఖర్లో లా ప్లాంష్ దే బెల్ ఫీయ్ అనే నిటారు కొండ. అనుభవం ఉన్నవాడు నిలబెట్టుకుంటాడన్నారు దాదాపు అందరూ. పొగాచర్ నిమిషం 56 సెకన్ల తేడాతో రోగ్లిచ్‌ని కూల్చేశాడు. చిత్రమేమిటంటే సూచన ముందే ఉంది. మూడు నెలల కిందట వాళ్ల జాతీయ పోటీల్లో, అదీ కొండెక్కే టైమ్ ట్రయల్‌లోనే పొగాచర్ రోగ్లిచ్‌ని 9 సెకన్లతో ఓడించాడు. చిన్న దేశపు చిన్న పోటీ అని ఎక్కువమంది పట్టించుకోలేదు. మూడేళ్లకి పొగాచర్‌కీ అదే వడ్డన జరిగింది. 2023లో యోనాస్ వింగెగార్డ్ కేవలం 10 సెకన్ల ముందున్నాడు. 22.4 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ ముగిసేసరికి నిమిషం 48 సెకన్లు!

ఓడిన రోజు వంకరపోయిన హెల్మెట్‌తో, పాలిపోయిన మొహంతో రోగ్లిచ్ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఇక అయిపోయాడన్న జోస్యాలు వచ్చాయి. మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణం ఆయనదే. 2023 మేలో ఇటలీ టూర్ చివరి టైమ్ ట్రయల్‌లో ఈసారి తానే 26 సెకన్లు వెనక. గెరెయింట్ థామస్ ముందు. మోంటె లుస్సారి అనే కొండ, గోడలాంటి ఎక్కుడు. సరిగ్గా దాని మధ్యలో రోగ్లిచ్ సైకిల్ చైన్ ఊడిపోయింది! దిగాడు, చేత్తో ఎక్కించుకున్నాడు. ఆ ఎక్కుడులో మళ్లీ కదలాలంటే ఎవరైనా తోయాలి. రోడ్డు పక్కన జనంలోంచి ఒకతను పరిగెత్తుకొచ్చి తోశాడు. సైకిల్ పట్టకముందు రోగ్లిచ్ మంచుకొండల మీద స్కీ జంపింగ్ చేసేవాడు. తోసినవాడు ఆ రోజుల్లో అదే జట్టులో ఆడిన పాత స్నేహితుడు. థామస్‌ని 40 సెకన్లు వెనక్కి నెట్టి, 14 సెకన్ల తేడాతో రోగ్లిచ్ ఇటలీ టూర్ గెలిచాడు.