పొట్టి పలక

పెళ్లికొడుకుని చూడ్డానికి వెళ్లినవాళ్లు అతని పొడుగొక్కటే కొలుచుకుని రారు. చదువూ, ఉద్యోగం, కాబోయే అత్తగారి నోరూ అన్నీ వాకబు చేస్తారు. కెరటాల మీద నిలబడి జారే పలక దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ముందు అడిగేది పొడుగే. "నీదెన్ని అడుగులు?" అంటారు. వెడల్పు అడిగినవాడు కాస్త తెలిసినవాడన్నమాట. "ఏ కెరటానికోయ్?" అని అడిగినవాడు దొరికితే వాడి కాళ్లు పట్టుకోవచ్చు.

ఈ ఆటని సర్ఫింగ్ అంటారు. ఆ పలక సర్ఫ్ బోర్డు. నేనుండేది అమెరికాలో, కాలిఫోర్నియా దక్షిణపు కొసన, శాన్ డియేగోలో. నా వయసు 56, బరువు 74 కిలోలు. ఎడమ భుజం నా మాట సగమే వింటుంది. ఈ వివరాలు నా గొప్పకి కాదు, ముందు ముందు లెక్కకి కావాలి.

ఇన్నాళ్లూ నాది 9 అడుగుల బోర్డు. చిన్న కెరటాలకి దాన్ని మించింది లేదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను. నీళ్లలో దానితో ఏ పేచీ లేదు. పేచీ అంతా నేల మీదే. కారు నెత్తిమీంచి దింపాలి. చంకలో పట్టదు. గాలి వీచిందంటే దాన్ని నేను తీసుకెడుతున్నానో, నన్నది తీసుకెడుతోందో తెలియదు. భుజం చూసిన డాక్టరు, చెయ్యి తలకి పైగా ఎత్తి బరువులు మొయ్యొద్దన్నాడు, ఈదడం కూడా పొదుపుగా ఈదమన్నాడు. మా ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, "ఇంక చాలించండి. ఒడ్డున కూచున్నా సముద్రం కనిపిస్తుంది" అంది. అంచేత నాకు మిగిలింది ఒకటే దారి. చంకలో ఇమిడే పొట్టి బోర్డు కావాలి, అది పిల్ల కెరటాన్ని కూడా పట్టగలగాలి. అలాంటిది కుదరకపోతే మా ఆవిడ మాటే ఖాయం.

వినడానికి తేలికే గాని, ఈ రెండు కోరికలకీ చుక్కెదురు. కెరటం ఎత్తు సగమైతే దాని సత్తువ సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. నడుం లోతు నీళ్లలో విరిగే కెరటం గంటకి 11 కిలోమీటర్ల చొప్పున వచ్చేస్తుంది. బోర్డు మీద బోర్లా పడుకుని నేను బారలు వేస్తే అందులో సగం వేగం వస్తే గొప్ప. మిగతా సగం కెరటం నెట్టాలి. పెద్ద కెరటమైతే మెడపట్టి నెడుతుంది. పిల్ల కెరటం మొహమాటపడుతుంది.

అందులోనూ మాకు దొరికేవి మెత్తటి కెరటాలు. సముద్రపు అడుగు ఒక్కసారి నిటారుగా లేచిన చోట కెరటం గొట్టంలా చుట్టుకుని దభీమని పడుతుంది. హవాయిలో పైప్‌లైన్ అనే చోట ఫొటోలు తీసేది అలాంటివాటినే. అడుగు నెమ్మదిగా ఎత్తయ్యే చోట కెరటం నెత్తిమీంచి నురగ ఒలకబోసుకుంటూ, తీరిగ్గా, పెన్షనుకి వెళ్లే ముసలాయనలా వస్తుంది. లా హోయా షోర్స్‌లోనూ, టూర్మలీన్‌లోనూ మామూలు రోజుల్లో నేను చూసేవి ఈ రకమే. నాకవి ఇష్టం కూడాను.

దుకాణాల్లో కళ్లకి నదురుగా కనిపించేవి మాత్రం ఫొటో కెరటాల బోర్డులు. ఆరడుగుల పొడుగు, 19 అంగుళాల వెడల్పు, కత్తిలాంటి ముక్కు. ముట్టుకుంటే తెగుతుందేమో అన్నట్టుంటాయి. ఇప్పుడు బోర్డుల మీద ఎన్ని లీటర్లో కూడా రాస్తున్నారు. అంటే దాని మొత్తం పరిమాణం, మనల్ని నీళ్లమీద ఎంత తేలుస్తుందో చెప్పే లెక్క. నా బరువుండే పందెగాడు 27, 28 లీటర్లతో సరిపెట్టుకుంటాడు. వాడికి 20 ఏళ్లు, వాడి భుజాలు వాడి మాట వింటాయి. నేను దానిమీద పడుకుంటే ఛాతీదాకా మునిగి, మొసలిలా తల మాత్రం పైకెట్టుకుని ఉంటాను. ఆ స్థితిలో ఎన్ని బారలేసినా కెరటం నా కిందనుంచి దాటిపోతుంది.

మా అమ్మాయి కూడా ఈ ఆటే ఆడుతుంది. "పొట్టిది కావాలంటే దానికి వెడల్పు పెంచు నాన్నా. పొడుగులో పోయింది పక్కలకి తెచ్చుకో" అంది. చిన్నప్పుడు చెరువులోకి పెంకుముక్క విసరని వాళ్లుండరు. బల్లపరుపుగా ఉన్న పెంకు నీళ్లమీద కప్పగంతులు వేసుకుంటూ పోతుంది. గుండ్రాయి బుడుంగున మునుగుతుంది. బోర్డు సంగతీ ఇంతే. అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటే తక్కువ వేగంలోనే అది నీళ్లని తోసుకుంటూ పోవడం మాని నీళ్లమీదికెక్కి జారడం మొదలెడుతుంది. ముందూ వెనకా తొట్టి ఉయ్యాలలా పైకి లేచిన వంపు ఉంటే నిటారు కెరటంలో ముక్కు గుచ్చుకోదు గాని, మెత్తటి కెరటంలో ఆ వంపే నీళ్లని ఆపి బ్రేకు వేస్తుంది. అంచేత నాకు కావలసింది వెడల్పు, మందం, తక్కువ వంపు. కెరటం నాలుగు బారల్లో అందితే, పది బారల ఖర్చు భుజానికి తప్పుతుంది. గంటకి పది కెరటాలనుకుంటే ఎన్ని బారలు మిగులుతాయో మీరే లెక్క వేసుకోండి.

ఈ తెలివి ఈ ఊళ్లో పాతదే. బాబ్ సిమన్స్ అని ఒకాయన ఉండేవాడు. సైకిలు ప్రమాదంలో మోచెయ్యి బిగుసుకుపోయిన మనిషి. కాల్‌టెక్‌లో చదివాడు. వేగంగా జారే పడవల అడుగుల మీద లిండ్సే లార్డ్ 1946లో వేసిన పుస్తకం పట్టుకుని, ఆ లెక్కలు తీసుకొచ్చి బోర్డులకి పెట్టాడు. వెడల్పాటి అడుగు, ఒకటికి బదులు రెండు రెక్కలు. 1954లో ఇక్కడే విండన్సీ దగ్గర కెరటాల్లో పోయాడు, 35 ఏళ్లకే. చెయ్యి సరిగా లేని మనిషి చేతి కష్టం తగ్గే బోర్డు కోసం వెతికాడంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఆయన లెక్కల పుస్తకంలో లేని కారణం ఇదే అయివుంటుందని నా అనుమానం.

తరవాత 1967లో ఇదే ఊళ్లో స్టీవ్ లిస్ అనే కుర్రాడు, మోకాళ్లమీద కూచుని జారడానికి పొట్టి పలక ఒకటి చెక్కాడు. తోక చేపతోకలా రెండుగా చీలి, దాని కింద రెండు రెక్కలు. పేరు కూడా ఫిష్ అనే స్థిరపడింది. నిలబడేవాళ్లూ దాన్ని ఎక్కారు. 1972లో ప్రపంచ పోటీలు శాన్ డియేగోలో పెడితే, కెరటాలు నీరసంగా ఉన్న ఆ పోటీల్లో జిమ్మీ బ్లేర్స్ గెలిచింది ఫిష్ మీదే.

నిజానికి ఈ చదును అడుగు సంగతి నాకు అమెరికా వచ్చి తెలిసింది కాదు. మాది భీమిలి. మా చిన్నప్పుడు ఒడ్డునున్న తెప్పలు దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టినవే. వాటికి లోపలా బయటా అని లేదు, అంచేత నీళ్లు నిండి మునగడం అన్న భయమూ లేదు. విరిగే కెరటం మీదుగా వచ్చి ఇసకలో ఆగేవి. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఆరబెట్టేవాళ్లు. ఫైబరు పడవలు వచ్చాక అవి తగ్గిపోయాయి. అన్నట్టు, ఇంగ్లీషు వాళ్లు 'సర్ఫ్' అన్న మాటని మొదట్లో వాడింది హిందూదేశపు తీరాల గురించేనని వాళ్ల నిఘంటువులే రాస్తాయి. ఈ ముక్క ఇక్కడి మిత్రులకి నేను నెలకొకసారైనా చెబుతుంటాను.

పొట్టిదానికీ లోపాలున్నాయి, దాచడం దేనికి. కెరటం పెద్దదై నిటారుగా లేస్తే చదును ముక్కు ముందు నీళ్లలోకి గుచ్చుకుంటుంది. వెడల్పు తోక మలుపులో తిరగనని మొండికేస్తుంది. ఎదురొచ్చే కెరటం కింద ముంచి దాటిద్దామంటే మందం వల్ల మునగదు. పెద్ద కెరటాల రోజున నేను ఎలాగూ ఒడ్డునే ఉంటాను గనక వీటితో నాకు పనిలేదు. ఆ రోజు కోసం ఇప్పుడే ఒక బోర్డు కొనమని సలహా ఇచ్చే మిత్రులున్నారు. వాళ్లకి ఏడాదికోసారి వచ్చే చుట్టం కోసం ఇంట్లో రెండో మంచం వేసుకునే అలవాటు కాబోలు.

చివరికి బోర్డులు చేత్తో చెక్కే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పొడుగు మాట ఎత్తలేదు. ఏ ఒడ్డున ఈదుతావు, వారానికి ఎన్నిసార్లు, ఏ చెయ్యి నొప్పి అని అడిగాడు. 21 అంగుళాల వెడల్పు చాలు, మలుపు బావుంటుందని అమ్మాయి పట్టు. 22 ఉండాలని నా పట్టు. ఆయన నా భుజం వంక చూసి నా వేపు మొగ్గాడు. 5 అడుగుల 10 అంగుళాలు, 22 అంగుళాల వెడల్పు, రెండుంపావు, రెండున్నర కాదు, రెండుంముప్పావు మందం. సుమారు 38 లీటర్లు. అట్టముక్క మీద నమూనా గీసి ఇంటికి తెస్తే మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేవిటండీ, పూరీల పీటకి తోక పెట్టినట్టుంది!" అంది.

రంగు ఇంకా తేలలేదు. అమ్మాయి తెలుపంది, నేను నీలమన్నాను. మా ఆవిడ పసుపే వెయ్యాలంటోంది, నేనెక్కడున్నానో ఒడ్డునుంచి తనకి కనిపించాలిట.