వై-ఫైకి తాళం పడ్డాక మన ఫోన్లే ఎందుకు ఆగిపోయాయి

పోస్ట్ కొంచెం పెద్దదే. ఖాళీ దొరికినప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి. హాస్టల్ వై-ఫైకి పాస్‌వర్డ్ పెట్టగానే కొంతమందికి నెట్ వస్తుంది, కొంతమందికి రాదు. రానివాళ్లు ఎవరా అని చూస్తే పాత ఫోన్లు, సెకండ్ హ్యాండ్ ఫోన్లు ఉన్నవాళ్లే ఎక్కువ. అంటే మనవాళ్లే. అందుకే రాస్తున్నాను.

మాది ముంచంగిపుట్టు మండలం. ఇంట్లో కువి మాట్లాడతాం. మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు విశాఖలో గాజువాక వైపు ఒక హాస్టల్లో ఉండి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను.

మా హాస్టల్ వై-ఫైకి మొన్నటిదాకా పాస్‌వర్డే లేదు. సాయంత్రం అయితే చాలు, బయటివాళ్లు గోడ పక్కన బైకులు ఆపుకొని సినిమాలు దించుకునేవారు. లోపల మాకు ఒక పీడీఎఫ్ తెరుచుకోవాలంటే టీ తాగి రావాల్సిందే. వార్డెన్ సార్ చూసి చూసి, నెట్ పెట్టిన అబ్బాయిని పిలిపించి పాస్‌వర్డ్ వేయించారు. నోటీస్ బోర్డు మీద రాయించారు. మంచి పనే. కానీ ఆ రాత్రికే మా ఫ్లోర్‌లో సగం మందికి నెట్ పోయింది.

మా రూమ్‌లో హుకుంపేట వైపు నుంచి వచ్చిన ఫస్టియర్ తమ్ముడు ఒకడున్నాడు. వాళ్లమ్మ మిరియాలు అమ్మిన డబ్బుతో జగదాంబ దగ్గర సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనుక్కున్నాడు. రీఛార్జ్ అయిపోయింది. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి ఇంకా మూడు రోజులే ఉంది. పాస్‌వర్డ్ కొడతాడు, గుండ్రంగా తిరుగుతుంది, ఆగిపోతుంది. మళ్లీ కొడతాడు. ఇరవై సార్లు కొట్టుంటాడు. చివరికి ఫోన్ మంచం మీద పడేసి, "నా ఫోన్ పాడైపోనాది అన్నా. ఇలాటివి నాకు రావు. ఇంటికెల్లిపోతాను" అన్నాడు.

ఫోన్ పని చేయకపోతే ఇంటికెళ్లిపోవడం ఏటి అని నవ్వొచ్చు. నాకు నవ్వు రాలేదు. బ్యాంకులో ఫారం వెనక్కిచ్చినా, ఆన్‌లైన్‌లో ఫొటో అప్‌లోడ్ అవకపోయినా, తప్పు మనదే అనుకోవడం మనకి అలవాటు. ఇంట్లో అడుగుదామంటే ముందు చదివినవాళ్లు లేరు. పక్కవాణ్ణి అడిగితే వెనకబడినోడు అనుకుంటాడేమోనని భయం. అలా చిన్న చిన్నవాటికే చదువు వదిలేసి ఘాట్ ఎక్కేసినవాళ్లు మనందరికీ తెలుసు.

"ఫోన్ పాడైందో లేదో ముందు చూద్దాం రా" అని నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశాను. దానికీ పాస్‌వర్డ్ ఉంది. వాడి ఫోన్ రెండు సెకన్లలో కలిసిపోయింది. అంటే ఫోన్ బాగుంది, పాస్‌వర్డ్ ఉన్న నెట్‌కి కలవగలదు, కొట్టడం వాడికీ వచ్చు. తేడా హాస్టల్ వై-ఫై దగ్గరే ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం తేలిపోయింది. అప్లికేషన్ నా డేటాతోనే మొదలెట్టాడు. కానీ అలాంటివాళ్లు ఫ్లోర్‌లో ఇంకా ఉన్నారు, నాకు రోజుకి వచ్చేది ఒకటిన్నర జీబీ. అందరికీ ఎక్కడ సరిపోతుంది?

అందుకని ఒక కాగితం తీసుకొని రూమ్ రూమ్‌కి తిరిగాం. ఎవరి ఫోన్, ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షన్, కలిసిందా లేదా అని రాసుకున్నాం. మొత్తం 16: ఫోన్లు 14, లాప్‌టాప్‌లు 2. కలిసినవి 8, కలవనివి 8. కలవని ఎనిమిదిలో ఆరు ఆండ్రాయిడ్ 9 గానీ అంతకంటే పాతవి గానీ. ఒకటి విండోస్ 7 లాప్‌టాప్. ఒక్కటి మాత్రం కొత్త ఫోన్. కాగితం మీద చూడగానే సంగతి కనపడింది. మనుషుల తేడా కాదు, వెర్షన్ తేడా.

ఇది ఎందుకో చెప్తాను. పాస్‌వర్డ్ లేని వై-ఫై అంటే లోయకి ఇటు నుంచి అటు కేక వేసి మాట్లాడుకోవడం లాంటిది, మధ్యలో ఉన్నవాళ్లందరికీ వినపడుతుంది. ఎన్‌క్రిప్షన్ పెట్టడం అంటే ఆర్టీసీ బస్సులో మనం మన భాషలో మాట్లాడుకోవడం. పక్క సీటువాళ్లకి వినపడుతుంది, అర్థం కాదు. అయితే మాట్లాడే ఇద్దరికీ ఆ భాష వచ్చి ఉండాలి కదా. రూటర్ ఒక భాష మాట్లాడి, ఫోన్‌కి ఆ భాష రాకపోతే పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా కలవదు.

ఈ భాషలు మారుతూ వచ్చాయి. 1997లో మొదటి వై-ఫై ప్రమాణంతో వచ్చింది వెప్. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు అందులో లోపం బయటపెట్టారు. గాలిలో పోయే డేటాని కొంతసేపు పోగేసుకుంటే తాళంచెవి దొరికిపోతుందని తేలింది. 2003లో తాత్కాలికంగా డబ్ల్యూపీఏ, 2004లో గట్టిదైన డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2006 నుంచి వై-ఫై ముద్ర కావాలంటే కొత్త పరికరాలకి డబ్ల్యూపీఏ2 తప్పనిసరి అయింది. 2017లో మాథీ వాన్‌హోఫ్ అనే పరిశోధకుడు దానిలోనూ ఒక లోపం చూపించాడు. దాన్ని అప్‌డేట్లతో సరిచేశారు. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఇది 10వ వెర్షన్ నుంచే ఉంది, అదీ ఫోన్ లోపలి చిప్ ఒప్పుకుంటేనే. విండోస్ 7కి అసలు రాదు.

మా హాస్టల్ రూటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంది. అన్నిటికన్నా కొత్తది, గట్టిది అని పెట్టారు. పాత ఫోన్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ కాగితం పట్టుకొని వార్డెన్ సార్ దగ్గరికెళ్లాం. అప్పటికే కొంతమంది "పాస్‌వర్డ్ తీసేయండి సార్" అని గొడవ చేసి వచ్చారు. సార్ తీయనన్నారు. తీయకూడదు కూడా. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకి ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్, నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంట్లో తాళం లేని వై-ఫై నుంచి వెళ్లింది. పోలీసులు ముందు వెళ్లింది ఆయన ఇంటికే. మన హాస్టల్ నెట్ మీద గోడ బయటివాడు ఏదైనా చేస్తే ముందు అడిగేది లోపల ఉన్న మనల్నే. కాబట్టి మేము తాళం తీయమనలేదు. "సార్, రూటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉండే ఎంపిక ఉంటుంది. అది పెట్టించండి. బయటివాళ్లు రారు, మేమందరం వస్తాం" అన్నాం. సార్ కాగితం రెండుసార్లు చూసి, ఆ అబ్బాయికి ఫోన్ కలిపిచ్చారు. మర్నాడు వచ్చి అయిదు నిమిషాల్లో మార్చాడు.

ఆరు పాత ఫోన్లలో అయిదు వెంటనే కలిశాయి. తమ్ముడిది కూడా. మిగిలినవి మూడు, మూడింటికీ మూడు కారణాలు. విండోస్ 7 లాప్‌టాప్‌లో అదే పేరుతో పాత, పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ గుర్తుండిపోయింది. దాన్ని తీసేసి కొత్తగా కలిపితే వచ్చింది. మిగిలిన పాత ఫోన్‌లో సున్నా కొట్టాల్సిన చోట పెద్ద 'ఓ' పడుతోంది. బోర్డు మీద రెండూ ఒకేలా ఉన్నాయి మరి. కొత్త ఫోన్ అన్న పాస్‌వర్డ్‌ని వాట్సాప్ నుంచి కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా వచ్చేసింది. కంటికి కనపడదు, రూటర్ మాత్రం దాన్నీ ఒక అక్షరంగానే లెక్కపెడుతుంది.

మీ హాస్టల్లో ఇలా జరిగితే ఈ వరసలో చూడండి.

మొదట, ఆ ఫోన్‌ని ఎవరి హాట్‌స్పాట్‌కైనా కలిపి చూడండి. కలిస్తే ఫోన్ మంచిదే.

రెండు, రూటర్ దగ్గరికెళ్లి ప్రయత్నించండి. అక్కడ కలిసి రూమ్‌లో కలవకపోతే అది సిగ్నల్ సమస్య, పాస్‌వర్డ్‌ది కాదు. స్లాబులు, ఇనుప బీరువాలు సిగ్నల్‌ని బాగా తగ్గిస్తాయి.

మూడు, పాత నెట్‌వర్క్‌ని ఫోన్‌లోంచి తీసేసి, మళ్లీ కొత్తగా కలపండి.

నాలుగు, పాస్‌వర్డ్ కనపడేలా కన్ను గుర్తు నొక్కి, చూస్తూ కొట్టండి. పెద్దక్షరం చిన్నక్షరం తేడా, సున్నా, ఒకటి చూసుకోండి. ఇలాంటి పాస్‌వర్డ్‌కి కనీసం 8, ఎక్కువలో ఎక్కువ 63 అక్షరాలు ఉంటాయి. అంతకంటే తక్కువ కొడితే ఫోన్ ముందుకే పోనివ్వదు.

అయిదు, కలిసిందని చూపించి నెట్ రాకపోతే తాళం తెరుచుకున్నట్టే, సమస్య ఆ తర్వాత ఉంది. వివరాల్లో ఐపీ అడ్రస్ చూడండి. లాప్‌టాప్‌లో అది 169.254తో మొదలైతే రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదన్నమాట. రూటర్ ఒకసారి ఆపి వేయమనండి. ఫోన్లు ఎక్కువై రూటర్ దగ్గర అడ్రస్‌లు అయిపోయినా ఇలాగే అవుతుంది.

ఆరు, కొన్ని హాస్టళ్లలో ఫోన్ మ్యాక్ అడ్రస్ రాసుకొని ఆ ఫోన్లనే రానిస్తారు. ఆండ్రాయిడ్ 10 నుంచి చాలా ఫోన్లు అసలు అడ్రస్ దాచి వేరేది చూపిస్తాయి. ఆ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో ఫోన్ అసలు మ్యాక్ వాడమని మార్చుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా పాత ఫోన్లే ఆగిపోతుంటే, మాలాగే కాగితం మీద రాసి వార్డెన్ గారికి ఇవ్వండి. "నెట్ రావట్లేదు సార్" అంటే రోజూ వినే మాటే. "16లో 8 కలవట్లేదు, ఆరు ఈ వెర్షన్‌వి" అంటే ఎవరైనా ఆగి చూస్తారు. అడ్డదారిలో వెప్‌కి మార్చమని మాత్రం అడగొద్దు. అది తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

తమ్ముడు అప్లికేషన్ గడువుకి ఒకరోజు ముందే పంపేశాడు. ఇప్పుడు కింద ఫ్లోర్‌లో ఎవరికి నెట్ రాకపోయినా వాడే వెళ్తున్నాడు. ముందు హాట్‌స్పాట్ ఆన్ చేస్తాడు, తర్వాత వెర్షన్ అడుగుతాడు. "నీ ఫోన్ బాగానే ఉంది బావూ" అని ముందు ఆ మాట చెప్పి, తర్వాతే మిగతావి మొదలెడతాడు.

మీ హాస్టల్లో ఏ ఫోన్, ఏ వెర్షన్, ఎక్కడ ఆగుతుందో కింద రాయండి. తెలిసింది చెప్తాను. తెలియనిది మన గ్రూప్‌లో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. అడగడానికి సిగ్గుపడొద్దు.