ఇసుకలో కలిసిపోయే చేప

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే బేరాలు మొదలవుతాయి. అందరి చూపూ రొయ్యల మీద, చందువల మీద. నేను వెతుకుతున్నవి తట్టల అడుగున, మిగతా చేపల బరువు కింద తడి ఆకుల్లా అంటుకుపోయి ఉన్నాయి. నాలుక చేపలు.

"రెండో కన్నేదమ్మా?" అన్నాను.

చేపలు ఏరుతున్నామె తలెత్తలేదు. "రెండూ ఈ పక్కే బాబూ. ఆ పక్క ఇసకలో ఉంటాది. దానికి కన్నెందుకు?"

ఇంతకంటే సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు. పిల్లగా ఉన్నప్పుడు ఇది మామూలు చేపలాగే నిటారుగా ఈదుతుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా రెండో వైపుకు జరుగుతుంది. ఆ తర్వాత బతుకంతా పక్కకు ఒరిగే. కింది వైపు పాలిపోయి ఉంటుంది, రంగులన్నీ పైవైపే. ఆ చర్మంలోని రంగు కణాల్లో వర్ణకం విచ్చుకుంటే మచ్చ ముదురుతుంది, ముడుచుకుంటే వెలుస్తుంది. దీన్ని నడిపేది కన్నే. ఇలాగే పక్కకు ఒరిగి బతికే ఉష్ణమండలపు చేప జాతి ఒకదాన్ని శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ బృందం రకరకాల గళ్ళ మీద ఉంచి చూస్తే, 2 నుంచి 8 సెకన్లలో ఒంటి మచ్చల్ని వాటికి తగ్గట్టు మార్చుకుంది. 1996లో వచ్చిన పరిశోధన అది.

పక్క తట్టలో పళ్ళున్న పెద్ద నోటి చేప ఒకటి కనిపించింది. దీని కన్ను నడినెత్తి దాకా వచ్చి ఆగిపోతుంది, ప్రయాణం సగంలో మానేసినట్టు. 1780లలో ఇక్కడున్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్ విశాఖ తీరపు చేపలు 200 బొమ్మలు గీయించి, స్థానికంగా పిలిచే పేర్లనే వాటికి రాసుకున్నాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో ఇది 'నోరీ నాలక'. దాన్నిబట్టే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1829లో 'నాలక' అని శాస్త్రీయ నామం పెట్టాడు. అప్పటికే తరంగంబాడి చేపకు 1801లో పెట్టిన 'ఎరుమై' పేరు ఉండడంతో ఇది నిలవలేదు. విశాఖకు దక్కాల్సిన పేరు తరంగంబాడి పట్టుకుపోయిందన్నమాట!

కదలకుండా పడుకోవడమే నాలుక చేపకున్న రక్ష. వేటాడే చేప కన్నుకు అది చాలు. ట్రాల్ వల చూసి పట్టదు, అడుగంతా ఈడ్చుకుపోతుంది; దాని ముందు మచ్చలెంత బాగా కుదిరినా ఒకటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులే దానికి కాస్త ఊపిరి.

"తోలు తీసీమంటారా బాబూ?" అందామె. తోలుతో వేపితే బాగోదట. తల దగ్గర కత్తితో చిన్న గాటు పెట్టి, వేళ్ళకు బూడిద రాసుకుని ఒక్క లాగు లాగింది.