నీటి దారిన జోధ్‌పూర్

కోట చూసి జైసల్మేర్ బండి ఎక్కేసేవారికి ఈ నగరంలో అందనిది చాలానే ఉంది. మూడు ఉదయాలు కాళ్లకు పని చెబితే, ఎడారి అంచున ఒక ఊరు అయిదున్నర శతాబ్దాలకు పైగా ఎలా నిలిచిందో తెలుస్తుంది

రాజస్థాన్ యాత్రలో జోధ్‌పూర్ వాటాకు సాధారణంగా దక్కేది ఒక్క రోజు. పొద్దున పది దాటాక మెహరాన్‌గఢ్ కోట, మధ్యాహ్నం ఉమ్మేద్ భవన్, సాయంత్రం గంటాఘర్ బజారులో బంధేజ్ చీరల బేరం. మర్నాడు జైసల్మేర్ ప్రయాణం. ఈ పద్ధతిలో చిక్కేమిటంటే, ఎండ మండే వేళంతా యాత్రికుడు రాతి మీద తిరుగుతాడు. చల్లగా ఉండే ఉదయపు గంటలు హోటల్ గదిలో గడిచిపోతాయి. కోట గోడ మీంచి నీలం ఇళ్ల ఫొటో తీసుకుంటాడు కానీ, ఏడాది సగటు వర్షపాతం 40 సెంటీమీటర్లకు మించని చోట రాజధాని ఎందుకు వెలసిందో, ఇన్ని వేల గొంతులు ఎలా తడిశాయో తెలియకుండానే తిరిగొస్తాడు.

ఎడారి నగరానికి వెళ్లేవారు ముందు చూసుకోవలసింది క్యాలెండరు, గడియారం. మే, జూన్ నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదై దేశంలోనే రికార్డయింది. నడక కోసమైతే అక్టోబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు అనువైన కాలం. కొండ మీద పచ్చదనం, గుంటల్లో నీళ్లు చూడాలనుకునేవారు ఉక్కపోతకు సిద్ధపడి ఆగస్టు, సెప్టెంబరుల్లో రావచ్చు. జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల దగ్గరకు దిగుతుంది కనుక స్వెట్టరు తప్పనిసరి.

గడియారం సంగతి తెలుగువారికి ప్రత్యేకం. జోధ్‌పూర్ హైదరాబాద్‌కు బాగా పడమట, ఉత్తరాన ఉంది. డిసెంబరు ఆఖరులో అక్కడ ఏడుంబావు దాటితే గానీ సూర్యుడు కనిపించడు. ఉదయం ఆరింటికే నడక మొదలుపెట్టాలనుకుంటే చీకట్లో తడుముకోవాల్సిందే. ఏడున్నర నుంచి పదకొండు వరకు నడక, మధ్యాహ్నం విశ్రాంతి లేదా నీడపట్టున మ్యూజియం, నాలుగు తర్వాత మళ్లీ వీధులు. శీతకాలంలో ఇదీ సరైన వరస.

మొదటి ఉదయం: రాళ్ల తోట

తొలి నడకకు కోట పక్కనే చోటుంది. రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్కు సుమారు 70 హెక్టార్ల రాతి నేల. కాళ్ల కింద ఉన్నది దాదాపు 75 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కిన లావా, బూడిద గట్టిపడి ఏర్పడిన రయొలైట్ శిల. దాని పైపొరగా ఇసుకరాయి ఉంటుంది. రావ్ జోధా 1459లో పునాది వేసిన కోట, ఈ ఇసుకరాతినే తొలిచి కట్టినది. భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ శిలలను జాతీయ భౌగర్భ స్మారకంగా గుర్తించింది.

ఇరవయ్యేళ్ల కిందట ఇక్కడ నడిచే వీలే లేదు. కొండంతా ముళ్ల కంప. స్థానికులు బావ్లియా అని పిలిచే ఆ చెట్టు తెలుగువారికి కొత్తది కాదు. మన చెరువు గట్ల మీద, బీళ్లలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మే అది. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ మొక్క విత్తనాలను 1930లలో మహారాజా ఉమ్మేద్‌సింగ్ విమానం నుంచి చల్లించారని చెబుతారు. ఎడారి పచ్చబడాలన్నది ఆయన ఆశ. పచ్చబడింది, కానీ ఆ నీడన మరో మొక్క మొలవలేదు.

2006లో పర్యావరణవేత్త, ‘ట్రీస్ ఆఫ్ ఢిల్లీ’ రచయిత ప్రదీప్ కృషన్ ఈ కొండను బాగుచేసే పని చేపట్టారు. సర్కారు తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. రాతి పగుళ్లలోకి దిగిన వేరును మొదలంటా తీయాలి. యంత్రాలకు, మందులకు లొంగని ఆ పనిని ఖండ్‌వాలియాలు సాధించారు. వీరు తరతరాలుగా ఇసుకరాయి తవ్వుకు బతికేవారు. సుత్తితో కొట్టి, ఆ చప్పుడును బట్టి రాయి ఎటు పగులుతుందో చెప్పగలరు. వారు తవ్విన గుంతల్లోనే ఎడారి మొక్కలు నాటారు. 2011లో పార్కు సందర్శకులకు తెరుచుకుంది.

సింఘోరియా పోల్ అనే పాత నగర ద్వారం దగ్గర టికెట్ కొని, గుర్తులు పెట్టిన కాలిబాటల్లో తమకు నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. తొలిసారి వచ్చేవారు లోయలోంచి వెళ్లే బాట పట్టడం మేలు. అది హాథీ నహర్ వెంట సాగుతుంది. హాథీ నహర్ అంటే ఏనుగు కాలువ. కొండల మీద పడ్డ వానను కోట దిగువనున్న చెరువులకు చేర్చేందుకు రాతిని చీల్చి తీసిన మార్గం. దాని గోడలపై ఉలి దెబ్బలు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. కొండ, కాలువ, చెరువు, బావి అన్న జోధ్‌పూర్ నీటి గొలుసులో ఇది మొదటి కొస. మిగతా కొసలు పట్టుకుంటూ పోతే నగరం దానంతటదే అర్థమవుతుంది.

పార్కు నడక కష్టమైనదేమీ కాదు, రెండు గంటల పని. అయితే రయొలైట్ అంచులు పదును. చెప్పులు పనికిరావు, అడుగు పట్టు ఉన్న బూట్లు కావాలి. మనిషికి లీటరు నీళ్లు, టోపీ తప్పనిసరి. బాట దిగి ఫొటోల కోసం రాళ్లెక్కడం మానుకోవాలి. పిడికెడు మట్టిలో ఏళ్ల తరబడి నిలదొక్కుకున్న మొక్క ఒక్క అడుగుకు పోతుంది.

కోట నుంచి కిందికి

పార్కు ముగించేసరికి కోట తలుపులు తెరిచి ఉంటాయి. పల్లకీలు, అంబారీలు, రాజస్థానీ సూక్ష్మచిత్రాలున్న మ్యూజియంలో రెండు గంటలు నీడన గడుస్తాయి. కోట ప్రాకారం దగ్గర నిలబడి కిందికి చూస్తే రాణీసర్, పదంసర్ చెరువులు కనిపిస్తాయి. ఏనుగు కాలువ నీరు చేరింది ఇక్కడికే. కొండ మీద తపస్సు చేసుకుంటున్న చీరియానాథ్ అనే సాధువును కోట కోసం వెళ్లగొట్టగా, ఈ ఊరికి నీటి కరువు తప్పదని ఆయన శపించాడన్నది ఇక్కడి కథ. శాపాన్ని నమ్మినా నమ్మకపోయినా, వాన చుక్కను వదలకూడదన్న భయం మాత్రం ఊరికి బాగా వంటబట్టింది.

కోటలోని చాముండా దేవి ఆలయానికి నవరాత్రుల్లో జనం పోటెత్తుతారు. 2008 సెప్టెంబరు 30న, నవరాత్రుల తొలి ఉదయం ఇక్కడ జరిగిన తొక్కిసలాటలో 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆ తొమ్మిది రోజులూ కోట ఉదయాలను పక్కన పెట్టడం వివేకం.

దిగేటప్పుడు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి ఆటో ఎక్కనక్కర్లేదు. ఫతే పోల్ ద్వారం గుండా దిగితే బ్రహ్మపురిలోకి, అంటే ఆ నీలం ఇళ్ల మధ్యకే చేరవచ్చు. నీలం బ్రాహ్మణ గృహాల గుర్తని కొందరు, చెదపురుగును ఆపుతుందని కొందరు, చల్లదనం కోసమని మరికొందరు అంటారు. సున్నంలో నీలిమందు కలిపిన పూత అది. కాంక్రీటు ఇళ్లు పెరిగేకొద్దీ ఆ సున్నమూ తగ్గుతోంది, ఆ నీలమూ తగ్గుతోంది. సందులు ఇరుకు. కెమెరా ఎత్తే ముందు అరుగు మీద కూర్చున్నవారిని ఒక మాట అడగడం మర్యాద.

రెండో ఉదయం: మెట్లబావి

గంటాఘర్ దగ్గరలోని తూర్‌జీ కా ఝాల్రా అనే మెట్లబావిని 1740లలో మహారాజా అభయ్‌సింగ్ రాణి తవ్వించారు. ఎర్ర రాతి మెట్లు అంచెలంచెలుగా నీటిలోకి దిగుతాయి. బావుల నుంచి నీరు తెచ్చే బాధ్యత ఇక్కడ ఆడవాళ్లదే కనుక, ఇలాంటి నిర్మాణాలను రాణులు, సంపన్న స్త్రీలు చేయించడం సంప్రదాయం.

అయితే ఈ బావి చాలాకాలం చెత్తకుప్పగా ఉంది. 1990ల చివర్లో రాజీవ్‌గాంధీ ఎత్తిపోతల కాలువ ద్వారా పంజాబ్ నదుల నీళ్లు జోధ్‌పూర్ కుళాయిల్లోకి వచ్చాయి. బిందె మోసే కష్టం తీరింది, బావులతో పని తీరిపోయింది. వాడకం ఆగేసరికి పాత నగరం కింద భూగర్భ జలం పైకి ఉబికి, దుకాణాల నేలమాళిగల్లోకి చేరింది. ఎడారి నగరంలో నీళ్లు తోడిపోయడానికి మోటార్లు పెట్టాల్సి వచ్చింది! మరోవైపు ఏటా వేసవి ముందు మరమ్మతుల కోసం కాలువ మూసినప్పుడల్లా సరఫరాలో కోత పడుతుంది. 2010లలో పూడిక తీసి శుభ్రం చేశాక తూర్‌జీ బావి మళ్లీ వెలుగులోకి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి అక్కడ ఈత కొట్టే పిల్లలు తప్ప రద్దీ ఉండదు. సాయంత్రమైతే చుట్టూ కాఫీ షాపుల సందడే.

ఉమ్మేద్ భవన్‌ను ఆ మధ్యాహ్నానికి ఉంచుకోవచ్చు. కరువు బాధితులకు పని కల్పించేందుకు 1929లో మొదలుపెట్టి 1943లో పూర్తిచేసిన భవనమిది. హోటల్లో దిగనివారికి చూడనిచ్చేది మ్యూజియం భాగమే.

మూడో ఉదయం: జమ్మి నీడ

మరో పూట మిగిలితే ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఖేజడ్లీ గ్రామానికి వెళ్లాలి. 1730లో కోట నిర్మాణానికి సున్నం బట్టీల కోసం కట్టెలు కావాలని రాజభటులు ఇక్కడి ఖేజ్రీ చెట్లు నరకబోయారు. అమృతాదేవి అనే బిష్ణోయ్ మహిళ చెట్టును వాటేసుకుని ప్రాణం విడిచింది. ఆమె దారిలో మొత్తం 363 మంది బలయ్యాక గానీ గొడ్డళ్లు ఆగలేదు. అప్పటి పాలకుడు అభయ్‌సింగే. ఆయన రాణి తవ్వించిన బావి, ఆయన మనుషులు నరికిన చెట్లు రెండూ ఒకే నగరం చరిత్ర.

ఖేజ్రీ అంటే మరేదో కాదు, దసరా నాడు మనం పూజించే జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షం, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఒకటే. వేరు లోతుకు దించి, పొలంలో పైరుకు పోటీ రాకుండా, ఆకు పశువులకు, కాయ మనుషులకు ఇచ్చే చెట్టు. జోధ్‌పూర్ భోజనంలో వడ్డించే కేర్-సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే ఎండబెట్టిన జమ్మి కాయే. విమానంలోంచి చల్లిన సర్కారు తుమ్మ, ఊరు ప్రాణమిచ్చి కాపాడుకున్న జమ్మి దూరపు బంధువులే. రాళ్ల తోటలో మొదటిదాన్ని పెకలించడానికి పడిన శ్రమ చూసినవారికి, ఖేజడ్లీలో రెండోదాని విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. చుట్టుపక్కల బిష్ణోయ్ పొలాల్లో కృష్ణజింకలు నిర్భయంగా మేస్తుంటాయి. వాటి దగ్గరికి వాహనం తోలమని డ్రైవరును తొందరపెట్టకూడదు.

వెళ్లే దారి ఇప్పుడు కాస్త సులువైంది. కాచిగూడ నుంచి జోధ్‌పూర్‌లోని భగత్ కీ కోఠీ స్టేషనుకు 2025 జులైలో నేరుగా రైలు మొదలైంది. దూరం మాత్రం తగ్గలేదు. అంత దూరం వెళ్లి ఒక్క పగటితో సరిపెట్టుకోవడం దండగ. బస పాత నగరంలోనే, నడిచి చేరగలిగే దూరంలో చూసుకుంటే మూడు ఉదయాలూ దక్కుతాయి. గదిలో కుళాయి తిప్పినప్పుడు ఆ నీరు పంజాబ్ నుంచి కాలువ వెంట వచ్చిందని గుర్తుంటే, రోజుకు ఒక బకెట్ స్నానం సరిపోతుంది.