కొట్టు కట్టేసి పరుగెత్తే మనిషి

అమెరికాలోని చిన్న ఊళ్లలో హార్డ్‌వేర్ కొట్టు నడిపేవాడో, ఇన్సూరెన్స్ ఏజెంటో, మెకానిక్ షెడ్డు యజమానో ఊరికి ఫైర్ చీఫ్ కూడా అయివుంటాడు. చాలాచోట్ల ఆ పనికి జీతమేమీ ఉండదు. నడుముకు పేజర్ మాత్రం ఉంటుంది. అది మోగిందా, గల్లాపెట్టె దగ్గర భార్యనో కుర్రాణ్నో కూర్చోబెట్టి, ఎవరూ లేకపోతే కొట్టుకు తాళం వేసి, స్టేషన్‌కు పరుగెత్తాలి. ఆ పూట బేరం పోతే పోయినట్టే.

మనకు 101కి ఫోన్ చేస్తే వచ్చేది ప్రభుత్వ సిబ్బంది. ఆ దేశంలో మంటలార్పేవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది ఇలాంటి స్వచ్ఛంద సేవకులే. 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ అనే స్వచ్ఛంద దళాన్ని పెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అప్పటికి అచ్చాఫీసు నడుపుకుంటున్న వ్యాపారే. సభ్యులు తోలు బకెట్లు, ఇంట్లో సామాను బయటికి మోసుకురావడానికి గట్టి సంచులు ఎవరికివారే సిద్ధంగా ఉంచుకోవాలి. నెలసరి సమావేశానికి రానివాళ్లు జరిమానా కట్టాలి. ఆ డబ్బుతోనే మంటలార్పే యంత్రాలు, నిచ్చెనలు కొన్నారు. పైసా పైసా లెక్క చూసే వ్యాపారి బుద్ధి ఊరికి ఇంత చక్కగా ఉపయోగపడింది.

ఇప్పటి చీఫ్‌కూ లెక్కల పని తక్కువేం కాదు. బండి మరమ్మతులు, గొట్టాల పరీక్షలు, కొత్తవాళ్లకు శిక్షణ, పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెట్టి విరాళాలు పోగుచేయడం అన్నీ చూసుకోవాలి. నాకు వీటన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది మరొకటి. కాలుతున్న ఇల్లు తన ఖాతాదారుది. రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన కారులో ఉన్నది తెలిసినవాళ్ల పిల్లవాడు. రాత్రి ఆ పిల్లవాణ్ని బయటికి లాగిన చేతులతోనే పొద్దున్నే కొట్టు తీసి, వాళ్ల చుట్టాలకే మేకులు తూచి ఇవ్వాలి.

టెక్సాస్‌లో వెస్ట్ అనే ఊరుంది. జనాభా మూడు వేలకు లోపే. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం అక్కడి ఎరువుల గోదాముకు నిప్పంటుకుంది. కబురందిన సుమారు ఇరవై నిమిషాలకు లోపలున్న అమ్మోనియం నైట్రేట్ పేలింది. మొత్తం 15 మంది పోయారు. వాళ్లలో 12 మంది మంటలార్పడానికో సాయానికో వెళ్లినవాళ్లు, ఎక్కువమంది స్వచ్ఛంద దళాల సభ్యులు. ఆ ఎరువుతో వచ్చే ప్రమాదం గురించి వాళ్లకు తగిన శిక్షణ లేదని తర్వాతి దర్యాప్తు చెప్పింది. వాళ్ల ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటే సరిపోదు. ఏ గోదాములో ఏముందో వాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది.

1980ల నడుమ తొమ్మిది లక్షల దాకా ఉన్న స్వచ్ఛంద సభ్యులు 2020 నాటికి ఏడు లక్షల లోపుకు తగ్గారు. చిన్న కొట్లు మూతపడి, జనం దూరాన ఉన్న నగరాలకు ఉద్యోగాలకు పోతుంటే పట్టపగలు సైరన్ మోగినప్పుడు ఊళ్లో మిగిలేదెవరు? కౌంటరు వదిలి వెళ్లాలంటే సొంత కొట్టువాడు ఎవరినీ అడగక్కర్లేదు. ఉద్యోగి మేనేజర్‌ను అడగాలి.

అమెరికా చిన్న ఊళ్లలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఒక మాట. మీ ఊరి ఫైర్ స్టేషన్‌లో పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్ పెడితే ఇంటిల్లిపాదీ వెళ్లండి. మంటల్లోకి దూకలేకపోయినా లెక్కలు రాయగలరు, కంప్యూటర్ పని చేయగలరు. వెళ్లి మీ పేరు ఇవ్వండి.