అమృతాలు మారారు, శాంత మారలేదు

"అమృతం" సీరియల్ గురించి మన ఐటీ జనాలకి కొత్తగా చెప్పక్కర్లేదు. టీమ్ లంచ్‌లో ఇద్దరు తెలుగువాళ్ళుంటే చాలు, పది నిమిషాల్లో అప్పాజీ డైలాగు ఒకటి పడిపోతుంది. సర్వం గురించి ఒకరు, ఆంజనేయులు గురించి ఇంకొకరు. గుండు హనుమంతరావు గారి గురించి, హర్షవర్ధన్ గారి గురించి, నిర్మాత గుణ్ణం గంగరాజు గారి గురించి ఎన్ని మెచ్చుకోళ్ళు చదివామో లెక్కలేదు. అన్నీ న్యాయమైనవే. కానీ శాంత గురించి ఎవరైనా ఒక పేరా రాయగా చూశారా? నేను చూడలేదు. అందుకే ఈ సోది :)

శాంత అంటే ఆంజనేయులు భార్య. ఆ పాత్ర వేసింది రాగిణి గారు. ఇంట్లోనే నటన ఉన్న మనిషి, నటి కృష్ణవేణి గారి చెల్లెలు. మనం సినిమాల్లో చూసే రజిత గారికి పిన్ని అవుతారు.

ముందు కొన్ని లెక్కలు (అలవాటు పోదు కదా). అమృతం 2001 నవంబర్ 18న జెమిని టీవీలో మొదలై 2007 నవంబర్ 18న అయిపోయింది. సరిగ్గా ఆరేళ్ళు, 313 ఎపిసోడ్లు. ఒక్కో ఎపిసోడు ఇరవై నిమిషాలే అనుకున్నా మొత్తం వంద గంటల పైమాటే. రెండున్నర గంటల సినిమాలు నలభై వరుసగా పేర్చినట్టు. ఈ ఆరేళ్ళలో అసలు హీరో అమృతరావు పాత్రలో ముగ్గురు మారారు... శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. ఆయన భార్య సంజీవని పాత్రలో కూడా మనుషులు మారారు. అంటే పక్క వాటాలో మొగుడూ పెళ్ళాలిద్దరూ మారిపోతుంటే, ఇటు వాటాలో ఆంజనేయులు, శాంత మాత్రం అలాగే ఉన్నారు.

మన భాషలో చెప్పాలంటే అమృతరావు ఒక ఇంటర్‌ఫేస్. ఇంప్లిమెంటేషన్ ఎన్నిసార్లు మార్చినా సీరియల్ క్రాష్ అవ్వలేదు. ఎందుకవ్వలేదు? చుట్టూ ఉన్న మాడ్యూల్స్ స్థిరంగా ఉన్నాయి కాబట్టి. కొత్త అమృతరావుని చూసి మనం "వీడెవడ్రా" అనుకునేలోపే, శాంత ఆయన్ని పదేళ్ళుగా తెలిసిన మనిషిలా పలకరించేస్తుంది. ఆవిడ నమ్మింది కాబట్టి మనమూ నమ్మేశాం. దీన్ని నటన అనకపోతే ఇంక దేన్ని అంటారు?

సిట్‌కామ్‌లో నవ్వు పుట్టేది జోకు వేసినవాడి దగ్గర కాదు, విన్నవాళ్ళ మొహంలో. నమ్మకం లేకపోతే ఏదైనా ఎపిసోడు పెట్టి, అబద్ధం చెప్తున్న ఆంజనేయుల్ని వదిలేసి శాంతని మాత్రమే చూడండి. ఆ అబద్ధం ఎంత దూరం వెళ్ళిందో, ఎక్కడ దొరికిపోతుందో ఆవిడ కళ్ళలో తెలుస్తుంటుంది. గుండు హనుమంతరావు గారు ఆ పాత్రకి నంది అవార్డులు తీసుకున్నారు, నూటికి నూరుపాళ్ళూ అర్హులే. కానీ బంతి విసిరేవాడు ఎంత గొప్పవాడైనా అవతల పట్టేవాళ్ళు కావాలి కదా.

ఇప్పుడు నన్ను బాగా కదిలించిన సంగతి. 2020 ఉగాది రోజున, అంటే మార్చి 25న, "అమృతం ద్వితీయం" అని జీ5లో మళ్ళీ మొదలుపెట్టారు. సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరి 19న పోయారు. ఆంజనేయులు పాత్రలోకి ఎల్బీ శ్రీరాం గారొచ్చారు, సంజీవనిగా సత్య కృష్ణన్ వచ్చారు. శాంతగా మాత్రం మళ్ళీ రాగిణి గారే. ఒక్కసారి ఆలోచించండి. ఆరేళ్ళు పక్కన ఉన్న మనిషి లేడు. పదమూడేళ్ళ తర్వాత అదే పేరు, అదే కాపురం, పక్కన ఇంకో మొహం. దానికి తోడు చూసేవాళ్ళందరూ పాత మొహాన్ని గుర్తు చేసుకుంటూనే చూస్తారని ముందే తెలుసు. అయినా "ఏవండీ" అని పిలిచి నవ్వించాలి. మనకి మేనేజర్ మారితేనే ఆర్నెల్లు ఏడుస్తాం.

అసలు తెలుగులో ఆడవాళ్ళ హాస్యానికి కొదవ ఎప్పుడూ లేదు. శ్రీలక్ష్మి గారినే తీసుకోండి. నిన్నటితరం హీరో అమర్‌నాథ్ గారి కూతురు. ఇంటి బరువు మీద పడితే నటనలోకి వచ్చారు. "శ్రీవారికి ప్రేమలేఖ" (1984)లో చూసిన సినిమా కథని టైటిల్స్ దగ్గర్నుంచి చెప్పే ఇల్లాలు, "చంటబ్బాయి" (1986)లో కవిత్వంతో, వంటలతో జనాన్ని హడలెత్తించే రచయిత్రి... జంధ్యాల గారు రాశారు, ఈవిడ నిలబెట్టారు. నిలబెట్టారు అని ఎందుకంటున్నానంటే, ఆ పాత్రలు కాగితం మీద చదివితే ఒక్క మెట్టు ఎక్కువైనా వెకిలిగా తేలిపోయేవే.

ఆవిడ మేనకోడలే ఐశ్వర్యా రాజేష్. 2025 జనవరిలో "సంక్రాంతికి వస్తున్నాం"లో భాగ్యలక్ష్మి అనే భార్య పాత్రతో థియేటర్లని ఊపేసింది. అంటే నలభై ఏళ్ళ తర్వాత కూడా, నవ్వించే ఇల్లాలు తెర మీదకొస్తే జనం టికెట్ కొంటున్నారు. కాబట్టి "ఆడవాళ్ళ కామెడీ ఎవరు చూస్తారండీ" అనే మాట చెల్లదు.

మరి టీవీలో ఏమైంది? అమృతం అయిపోయాక ఆ కుర్చీ చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. డైలీ సీరియళ్ళలో ఆడవాళ్ళకి ప్రధానంగా రెండే ఉద్యోగాలు: ఏడవడం, ఏడిపించడం. 2013లో ఈటీవీలో "జబర్దస్త్" వచ్చింది, కామెడీకి మళ్ళీ గిరాకీ వచ్చింది. కానీ మొదట్లో అందులో భార్య పాత్ర ఎవరు వేశారో గుర్తుందా? చీర కట్టుకున్న మగవాళ్ళు! ఆ కుర్రాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం లేదు, ఎంతోమంది ఆ వేషాలతోనే కుటుంబాల్ని పోషించారు. కానీ ఆడపాత్ర ఉంది, నవ్వులున్నాయి, ఆడమనిషి మాత్రం లేదు. సత్యశ్రీ, రోహిణి, ఫైమా లాంటివాళ్ళు వచ్చి ఆ చోటు తిరిగి తీసుకోవడానికి ఏళ్ళు పట్టింది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది. హన్మకొండలో మా చిన్నమ్మ కూతురు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఫ్రెండ్స్‌తో కలిసి చిన్న చిన్న కామెడీ వీడియోలు చేస్తుంది. బాగా చేస్తుంది కూడా, మా చిన్నమ్మ కూరగాయలవాడితో బేరమాడటాన్ని ఉన్నదున్నట్టు దించేస్తుంది. ఈమధ్య ఒక వెబ్ సిరీస్‌లో హీరో అక్క పాత్రకి పిలుపొచ్చింది. ఇంక చూస్కోండి. మడికొండలో ఆఫీసునుంచి నేను ఇంటికొచ్చేసరికి చిన్నమ్మ ఫోను.

"ఏం రా, నువ్వన్న చెప్పు దానికి. మంచిగ సదువుకోక గీ యాక్టింగులేంది? రేపు పెండ్లిసంబంధమొస్తే ఏమని చెప్పాలె?"

వెనకనుంచి దాని గొంతు, "అన్నా, నేనేమన్న సదువు ఇడిసిపెడ్తున్ననా? శని, ఆదివారాలే కద. గంగవ్వ జేస్తె అందరం జూసి నవ్వుతం, నేను జేస్తె ఇజ్జత్ పోతదా?"

గంగవ్వ పేరు ఎత్తేసరికి చిన్నమ్మ కాసేపు ఆగింది. నిజమే కదా. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనికెళ్ళిన మనిషి, "మై విలేజ్ షో"తో ఊరి భాషలోనే మాట్లాడి పేరు తెచ్చుకుంది. 2020లో, అరవై ఏళ్ళ దరిదాపుల్లో, బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కి వెళ్ళింది. మా చిన్నమ్మ అప్పుడు రోజూ ఓటేసింది మరి!

నా తీర్పు ఏంటని ఇద్దరూ అడిగారు. చెయ్యమనే చెప్పాను. కాకపోతే దానికి చెప్పాల్సింది ఇంకోటి ఉంది, అది పరువు సంగతి కాదు, కాంట్రాక్టు సంగతి.

సిట్‌కామ్ అనేదానికి ఒక రూపం తెచ్చినవాళ్ళలో లూసిల్ బాల్ ఒకరు. "ఐ లవ్ లూసీ" 1951లో అమెరికాలో మొదలైంది. అప్పట్లో చాలా షోలు న్యూయార్క్ నుంచి లైవ్‌లో వెళ్ళేవి. ఈవిడా, భర్త డెసీ అర్నాజ్ కలిసి, మేం హాలీవుడ్‌లోనే ఉంటాం, ఫిల్మ్ మీదే తీస్తాం అన్నారు. ఖర్చు పెరుగుతుంది కదా అంటే, జీతం తగ్గించుకుని ఎపిసోడ్ల హక్కులు తమ కంపెనీకి రాయించుకున్నారు. జీతం బదులు షేర్లు తీసుకున్నట్టన్నమాట. మళ్ళీ మళ్ళీ వేస్తే ఎవరు చూస్తారు అనుకున్న రోజులవి. తర్వాత ఆ ఎపిసోడ్లే బంగారు గని అయ్యాయి. 1962లో ఆవిడ భర్త వాటా కూడా కొనేసి స్టూడియోకి అధిపతి అయ్యారు. మనం ఆఫీసులో తెగ చెప్పుకునే "స్టార్ ట్రెక్" 1966లో మొదలైంది ఆ డెసీలూ స్టూడియోలోనే.

"ఫ్రెండ్స్" సంగతి మీకు తెలిసిందే. ఆరుగురూ విడివిడిగా బేరమాడకుండా ఒక్క జట్టుగా వెళ్ళారు. చివరి రెండు సీజన్లకి ఒక్కొక్కరికి ఎపిసోడుకి పది లక్షల డాలర్లు. అందులో ముగ్గురు ఆడవాళ్ళకీ, ముగ్గురు మగవాళ్ళకీ ఒకటే రేటు. పక్క సీట్లో వాడి ప్యాకేజీ ఎంతో తెలియక కుళ్ళుకునే మనకి ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మన దగ్గర కూడా చట్టం అంటూ ఒకటుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శనని వ్యాపారానికి వాడుకుంటే నటులకి రాయల్టీ హక్కు ఉంటుందని ఒక మాట చేర్చారు. పుస్తకంలో ఉన్నది చేతికి రావాలంటే, సంతకం పెట్టేముందు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తాలి. పాత ఎపిసోడ్లు యూట్యూబులో పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. మనం హాస్టల్ గదుల్లో, ఆన్‌సైట్ అపార్ట్‌మెంట్లలో, అన్నం తింటూ ఫోన్ ముందు పెట్టుకుని నవ్వుతుంటాం. ఆ నవ్వు వెనక పనిచేసిన చేతులన్నిటికీ ఒక లెక్క ఉండాలనుకోవడం అత్యాశ కాదు. మనం రాసిన కోడ్ పదేళ్ళు ప్రొడక్షన్‌లో నడిస్తే మనకేం రాదు కదా అంటారేమో. మనకి నెలనెలా జీతం పడుతుంది. వాళ్ళకి షూటింగ్ లేని రోజు ఏమీ పడదు.

అందుకని మా చెల్లికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. రోజుకి ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఇంకో ప్లాట్‌ఫామ్‌కి అమ్మితే నాకేమైనా వస్తుందా? రెండో సీజన్ తీస్తే ఆ పాత్ర నాదేనా? మూడోది చదివి, "అన్నా, గింత చిన్న పాత్రకు ఇవన్ని అడుగుతరా?" అంది.

శాంత కూడా చిన్న పాత్రే, అన్నాను. టైటిల్ పాటలో ఆంజనేయుల్ని పిలుస్తారు, శాంతని పిలవరు. సీరియల్ పేరు అమృతరావుది. కానీ 2001లో ఉండి, 2020లో కూడా అదే పేరుతో అదే గడపలో నిలబడగలిగినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టు, వేళ్ళు మిగిలిపోతాయి. పెద్ద పాత్ర ఇచ్చేవాడు ఇవ్వాలి. పాత్రని ఇంకెవరూ చేయలేని పాత్రగా మార్చడం మాత్రం నీ చేతుల్లోనే ఉంది. ఆ తర్వాత బేరమాడటానికి భయమెందుకు?

చిన్నమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "షూటింగుకు నేను గూడ వస్త" అనేదాకా వచ్చింది. నా లెక్కలో అది సగం సంతకం :)